మా బావ ఐదు పొట్టలు

మా బావకి పొట్టలు ఐదు. ఒకటి ఆయన దగ్గరుంది. మిగిలిన నాలుగూ నా దగ్గరున్నాయి, కాకినాడలో నేను పనిచేసే ప్రయోగశాలలో, నాలుగు గాజు జాడీల్లో. ఉదయం ఎనిమిదింటికి వాటికి టిఫిన్ పెట్టడం నా ఉద్యోగం. "మరదలు పిల్లా, ఇన్నేళ్లలో ఒక్క పూటైనా నాకు వండి పెట్టావా?" అని బావ ఎప్పుడూ దెప్పుతూ ఉండేవాడు. ఇప్పుడు రోజుకి మూడు పూటలా నాలుగు పొట్టలకి పెడుతున్నాను. అయినా ఆ దెప్పుడు మానలేదు.

బావ పేరు సూరిబాబు. మా తాయారక్క మొగుడు. మెయిన్ రోడ్డులో ఓ పెద్ద మిఠాయి దుకాణం వెనక షెడ్డులో కాజాలకి పాకం పట్టేది ఆయనే. బరువు నూట నలభై రెండు కిలోలు. సుగరుంది, మోకాళ్లు అరిగాయి, గుండెల్లో మంట పదేళ్లుగా ఉంది. ఎడమ పాదం మీద రూపాయి బిళ్ళంత పుండు పడి మూడు నెలలైనా మానలేదు. బరువు తగ్గే ఆపరేషన్ తప్పదని ఆసుపత్రిలో తేల్చేశారు. ఏ ఆపరేషనో మాత్రం తేల్చలేకపోయారు. అవి మూడు రకాలు, మూడింటికీ మూడు రకాల చిక్కులు. ఏది ఎవరికి పడుతుందో చేశాక గాని తెలియదు, చేశాక వెనక్కి రావడం కష్టం.

ఆ "ముందే తెలిస్తే బాగుండు" అన్నదాని కోసమే మా డాక్టర్ మెహరున్నీసా పన్నెండేళ్లు ఆ ప్రయోగశాలలో కూర్చుంది. మనిషి పొట్టలోంచి గోరంత ముక్క తీసి, పెంచి, పిడికెడంత పొట్టనీ దాని పైన కాస్త అన్నవాహికనీ, కింద జానెడు పేగునీ తయారుచేస్తుంది. జాడీలో పెట్టాక దాని కణాలకి రోజుకి నెల వయసు పెరుగుతుంది. అరవై రోజుల్లో ఐదేళ్లు గడిచిపోతాయి. మనిషి నడుముకి ఓ బెల్టు కడతారు. ఆయన పొట్ట ఎప్పుడు ముడుచుకుంది, ఎప్పుడు రసాలూరాయి, ఎప్పుడు పడుకుంది అన్న కబుర్లన్నీ ఆ బెల్టు జాడీలకి చేరవేస్తుంది. ఆయన ఏం తిన్నాడో ఇంట్లోవాళ్లు కాగితం మీద రాసి పంపుతారు. అదే తిండిని వీసమెత్తు తేడా లేకుండా తూచి, నమిలే యంత్రంలో వేసి, నేను జాడీల్లో పోస్తాను.

ఒకటో జాడీలోది కోత లేని పొట్ట, ఉన్నదున్నట్టు. రెండోదానికి స్లీవ్ చేశారు, అంటే ముప్పాతిక భాగం కోసి పారేసి అరటికాయంత గొట్టం మిగిల్చారు. మూడోదానికి బైపాస్. పైన కోడిగుడ్డంత సంచి కట్టి, మిగతా పొట్టని పక్కకి తోసి, సంచిని తిన్నగా పేగుకి కుట్టారు. నాలుగోది స్విచ్. పొట్టా కోశారు, పేగూ సగానికి పైగా దాటించారు.

నాలుగోది ముందే చేతులెత్తేసింది. బరువు బాగా తగ్గుతుందని లెక్కలు చెప్పాయి గాని, తిన్న నూనె తిన్నట్టే జిడ్డుగా బయటికి పోయేది. పప్పులోని సత్తువ కూడా ఒంటికి పట్టలేదు. పద్దెనిమిదో రోజుకి దాని గోడలు పాలిపోయాయి. బావ లాంటి ఒళ్లొంచి పనిచేసే మనిషికి ఇది పనికిరాదని డాక్టర్ దాన్ని ఆపేసింది. పోటీలో రెండూ మూడూ మిగిలాయి.

నాకు మొదటి వారం నుంచీ మనసు మనసులో లేదు. పొద్దున్న పదిన్నర అయ్యేసరికి జాడీలన్నీ మెలికలు తిరిగేవి. టిఫిన్ అరిగి, భోజనానికి ఇంకా రెండున్నర గంటలున్న వేళ అది. లోపల ఏమీ ఉండదు. అయినా పిండుకునేవి, రసాలు ఊరించేవి, పన్నెండున్నరకి చల్లబడేవి. నేను డాక్టర్‌కి చెబితే బెల్టు మార్పించింది. కొత్త బెల్టుతోనూ అదే వరస.

"శనివారం ఆయన ఒంటిపూట ఉంటాడు మేడమ్. సాయంత్రం దాకా పచ్చి మంచినీళ్లు తప్ప ఏమీ తాగడు. ఆ రోజు కూడా ఇదే గొడవ," అన్నాను.

"ఆకలేమో," అంది ఆమె.

"ఆకలి పదిన్నరకి వచ్చి పన్నెండున్నరకి పోతుందా? భోజనానికి ముందే?"

ఆమె కళ్లజోడు తుడుచుకుంది. తెలియనప్పుడు ఆమె చేసే పని అదే.

నలభయ్యో రోజుకి మూడో జాడీలో, సంచికీ పేగుకీ కుట్టిన చోట పుండు లేచింది. నలభై నాలుగో రోజుకి నెత్తురు కారింది. రెండో జాడీలో ఆమ్లం పైకి ఎగదన్ని అన్నవాహిక ఎర్రబడింది గాని, పుండు లేదు. డాక్టర్ రిపోర్టు రాసింది: ఈ మనిషికి బైపాస్ వద్దు, స్లీవ్ చేయండి, మంటకి మాత్రలు వాడండి. ఆసుపత్రివాళ్లు శుక్రవారం ఖాయం చేశారు.

ఆ కబురు చెప్పడానికి ఆదివారం అక్క ఇంటికి వెళ్లాను. అక్క గుమ్మంలోనే కూర్చుని బావ పాదానికి కట్టు మారుస్తోంది.

"శుక్రవారమా? హమ్మయ్య," అంది. "ఈ పుండు చూసినప్పుడల్లా నా ప్రాణం గిజగిజలాడిపోతందే. వేళ్ల దాకా పాకితే కాలు తీసేస్తామన్నారు ఆసుపత్రిలో."

"నా కాలు నాకుంటది గాని, నా పొట్టలెలా ఉన్నాయో చెప్పు హైమా," అన్నాడు బావ. "అన్నం సరిగ్గా పెడతన్నావా, లేపోతే వాటికీ డైటింగేనా?"

"అక్క కాగితంలో రాసిందే పెడుతున్నాను. నువ్వు దొంగతనంగా తింటే నాకు తెలియదు."

"నేను దొంగతిండి తినే మనిషినా? మీ అక్కనడుగు."

"తినరే," అంది అక్క, కట్టు ముడి వేస్తూ. "పాపం ఆ విషయంలో అబద్ధమాడరు. షెడ్డులో కాజా ముక్క కూడా నోట్లో వేసుకోరు. పిల్లాడి పుట్టినరోజుకి జీడిపప్పు పలుకు తింటే అదీ రాయించారు నా చేత."

నిజమే, ఆ కాగితాల్లో పలుకు కూడా ఉంది. అంత నిక్కచ్చి కాగితాలు మా ప్రయోగశాలలో ఇంకెవరూ పంపలేదు.

సోమవారం నేను పాత నమోదులు తిరగేస్తుంటే ఒక్క రోజు కంటపడింది. ఇరవై మూడో రోజు. ఆ రోజు పదిన్నరకి మిగిలిన మూడు జాడీల గీతలూ తిన్నగా ఉన్నాయి. తిండి మామూలే, ఇడ్లీ, పప్పు, చారు. ఆ రోజేమిటా అని కేలెండర్ చూశాను. అమావాస్య. మా బావ దుకాణంలో అమావాస్య నాడు పాకం పెట్టరు, పొయ్యిలకి సెలవు. అది తెలిసి కూడా నాకు వెంటనే వెలగలేదు. ఏదో గుచ్చుకుంది, అంతే. మర్నాడు సెలవు పెట్టి షెడ్డుకి పోయాను.

పదిన్నరకి కళాయి పొయ్యెక్కింది. బావ బల్ల మీద కూర్చుని, గరిటెతో పంచదార పాకం ఎత్తి, ఓ చుక్క బొటనవేలి మీద వేసుకుని, చూపుడువేలితో అద్ది, రెండు వేళ్లూ విడదీశాడు. సన్నని తీగ సాగింది. చాలలేదు కాబోలు, తల అడ్డంగా ఆడించి, ఆ వేళ్లు నోట్లో పెట్టుకుని చీకేశాడు. మళ్లీ గరిటె, మళ్లీ తీగ, మళ్లీ నోరు.

నేను లెక్కపెట్టడం మొదలుపెట్టాను. మొదటి కళాయి దిగేసరికి ముప్పై ఎనిమిది సార్లు. అలాంటివి మూడు కళాయిలు. పన్నెండున్నరకి పొయ్యిలు ఆర్పారు.

నాకప్పుడు వెలిగింది. తప్పు బావది కాదు, అక్కదీ కాదు, నాది. మా నాన్నా పాకం చూసినవాడే. మా ఇంట్లో "పాకం చూడటం" అంటే పని. అది తినడం కాదు. ఒంటిపూట ఉన్న రోజు కూడా నాన్న పాకం చూసేవాడు, ఉపవాసం చెడిందని ఎవరూ అనలేదు. నేను ఆ ఇంట్లో పుట్టి, ఆ వేళ్లు నోట్లోకి పోవడం వేలసార్లు చూసి, బావ తిండి గురించి నలభై ప్రశ్నలు రాసి, ఆ ఒక్క ప్రశ్న అడగలేదు. వేరే ఎవరైనా అయితే మొదటి రోజే అడిగేవారు.

"బావా, రోజూ ఓ గ్లాసుడు పాకం తాగుతున్నావు," అన్నాను.

"పాకం చూత్తన్నానే," అన్నాడు అమాయకంగా.

ఆ మధ్యాహ్నం డాక్టర్ ముందు నిలబడి అంతా చెప్పాను. పాకం పడగానే బావ అసలు పొట్ట రసాలు ఊరిస్తుంది. బెల్టు ఆ కబురు జాడీలకి చెబుతుంది. జాడీలూ ఊరిస్తాయి, కానీ వాటికి పాకం అందదు. నలభై రోజులు, అంటే మూడేళ్లకి పైగా, ఖాళీ గోడల మీద ఆమ్లం పోశాం. మూడో జాడీలో పుండు బైపాస్ తెచ్చినది కాదు, మేం తెచ్చినది.

డాక్టర్ ఈసారి కళ్లజోడు తుడుచుకోలేదు. "ముందే పెంచి దాచిన నకళ్లు ఉన్నాయి కదా," అంది. "రెండూ మూడూ మళ్లీ మొదలుపెడదాం. ఈసారి పాకంతో. మూడేళ్లయినా చూడాలి. ముప్పై ఆరు రోజులు."

శుక్రవారం రద్దయిందని చెప్పగానే అక్క నా మీద విరుచుకుపడింది. "నీ జాడీల కోసం ఆయన కాలు పోవాలా? నువ్వు లెక్క తప్పితే ఆ పుండు ఆగుద్దా?" అంది. ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది? ఆ ముప్పై ఆరు రోజులూ నేను జాడీల ముందు కూర్చున్నా నా కళ్లముందు ఆ పాదమే కదిలేది. కట్టు మార్చినప్పుడల్లా అక్క ఫొటో తీసి పంపేది, మాట రాయకుండా.

ఈసారి పదిన్నరకి బావ దుకాణం నుంచే పాకం తెప్పించాను. రెండో జాడీ దాన్ని హాయిగా మింగింది. మంట మాత్రం తగ్గలేదు సరికదా, వారం వారం పెరిగింది. గొట్టం సన్నమైంది కాబట్టి లోపలి ఒత్తిడికి ఆమ్లం పైకి తన్నేది. ఇరవయ్యో రోజుకి అన్నవాహిక పొర రంగు మారింది. అలా మారిన పొర ముందు ముందు ఎటు తిరుగుతుందో చెప్పలేనంది డాక్టర్.

మూడో జాడీలో పుండు రాలేదు. మంటా లేదు, ఆమ్లం పైకి రానే రాదు. కానీ పాకం పడిన పది నిమిషాలకి పేగు చుట్టూ నీళ్లు గుంజుకుని, ఉబ్బి, గడగడలాడిపోయేది. మామూలు పొట్టయితే పాకాన్ని కొంచెం కొంచెంగా కిందికి వదులుతుంది. ఇక్కడ ఆపే గుమ్మం లేదు, తియ్యదనమంతా ఒక్కసారి పేగులో పడుతుంది. మనిషికైతే చెమటలు, గుండె దడ, కళ్లు తిరగడం. ఆ మనిషి కూర్చునేది కాగుతున్న కళాయి పక్కన.

ముప్పై ఆరు రోజులూ అయ్యాక బావనీ అక్కనీ పిలిపించి ఇదంతా చెప్పాం. బావ జాడీల చుట్టూ కుంటుకుంటూ తిరిగి, మూడోదాని ముందు ఆగాడు.

"దీనికి పాకం పోస్తే ఏమవుద్దో నాకు తెలవాలండి డాక్టరుగారూ," అన్నాడు.

"చెప్పాం కదండీ."

"చెప్పేరు. మీరు చెప్పిందానికి నేను తలూపేను. ఆ బెల్టు ఇటునుంచి అటు కబుర్లు మోస్తాది గదా, అటునుంచి ఇటు మోయదా?"

డాక్టర్ నా వంక చూసింది. మోస్తుంది. మేం ఎవరి మీదా వాడలేదు, అంతే. ఆమె వద్దంది, కుదరదంది, చివరికి గుండె చూసే యంత్రం తగిలించి రెండు నిమిషాలకి ఒప్పుకుంది. ముందు రెండో జాడీని కలిపాం. బావ గొంతు పట్టుకుని మొహం చిట్లించాడు. "ఇది నాకెరికే. కాపోతే ఇప్పుడున్నదానికి రెండింతలుంది," అన్నాడు.

తరవాత మూడోదానికి పాకం పోసి, పది నిమిషాలు ఆగి, బెల్టుకి కలిపాం. ముందు ఆయన నవ్వుతూనే ఉన్నాడు. తరవాత నవ్వు ఆగిపోయింది. నుదుటి మీద చెమట బొట్లుబొట్లుగా పేరుకుంది. కుర్చీ చేతులు పట్టుకున్న వేళ్లు తెల్లబడ్డాయి. "తాయారూ," అని మాత్రం అన్నాడు, నీరసంగా. అక్క పరిగెత్తుకొచ్చి ఆయన తల తన పొట్టకి ఆనించుకుంది. నేను బెల్టు తీగ పీకేశాను. ఒక నిమిషం నలభై సెకన్లు.

తేరుకున్నాక మంచినీళ్లు తాగి, ఆయన అడిగిన మొదటి మాట, "ఇది పాకం పడితేనే గదా? అన్నానికి రాదుగా?"

"తీపి తినకపోతే రాదు," అంది డాక్టర్. "ఐరనూ విటమిన్లూ జీవితాంతం వేసుకోవాలి. అన్నం కొంచెం కొంచెంగా, నమిలి తినాలి. సుగరు బాగా దిగుతుంది. కాలి పుండు మానే అవకాశం దీంట్లోనే ఎక్కువ. కానీ పాకం నోట్లో పెట్టకూడదు, ఎప్పటికీ."

ముప్పై ఏళ్ల పని మానుకోమని చెప్పినట్టే కదా అనిపించి, నాకు ఏడుపొచ్చినంత పనైంది. స్లీవ్ చేయించుకుంటే మంటతో, ఆ మారిన పొరతో బతకాలి, పని ఉంటుంది. బైపాస్ అయితే కాలు దక్కుతుందేమో, పని పోతుంది. ఇంత కష్టపడి ముందే తెలుసుకుని ఏం ఒరిగింది?

"రుచి చూడకుండా పాకం ఎలా పడతావు బావా?" అన్నాను.

ఆయన తన బొటనవేలు, చూపుడువేలు చూసుకున్నాడు. ఆ రెండూ ఏళ్ల తరబడి కాలి కాలి నున్నగా మెరుస్తుంటాయి.

"పాకం వేళ్లకే తెలుస్తాదే," అన్నాడు. "తీగ సాగితే అయినట్టు, తెగితే అవనట్టు. నోటికేం తెలుస్తాది? ఏ పాకమైనా తియ్యగానే ఉంటాది."

"మరి రోజుకి వందసార్లు ఎందుకు నాకుతున్నారు?" అంది అక్క.

బావ నేల చూపులు చూశాడు. "బాగుంటది గదా, అందుకు," అన్నాడు. కొంచెం ఆగి, "మా అయ్య నా వేలు పట్టుకుని పాకంలో అద్ది నోట్లో పెట్టేడు, ఆరేళ్లప్పుడు. పని నేర్పుతన్నానన్నాడు. నాకూ అలాగే అలవాటైపోయింది. పని వంకతో తింటన్నానని నాకు తెలీదనుకున్నారా? తెలుసు. తిండని ఒప్పుకుంటే మానాల్సొస్తాదని ఒప్పుకోలేదు," అన్నాడు.

అక్క తిడుతుందనుకున్నాను. ఆవిడ ఆయన చెయ్యి తీసుకుని, ఆ రెండు వేళ్లూ తన కొంగుతో తుడిచింది. "మూడోదే చేయండి డాక్టరుగారూ," అంది. బావ ఊఁ అన్నాడు.

ఆపరేషన్‌కి ముందు నాలుగు రోజులు ఆయన అభ్యాసం చేశాడు. అక్క షెడ్డుకి వచ్చి, ఆయన మొహానికి తువ్వాలు అడ్డంగా కట్టి, పక్కన నీళ్ల గిన్నె పెట్టింది. వేళ్లు తీగ చూసి నీళ్లలోకి పోవాలి. మొదటి రోజు ఆ వేళ్లు ఇరవై సార్లు తువ్వాలుకి తగిలాయి. నాలుగో రోజు మూడుసార్లు. పాకం మాత్రం నాలుగు రోజులూ సరిగ్గానే కుదిరింది. కాజాలు కొన్నవాళ్లెవరూ తేడా చెప్పలేదు. అది విని బావ సంతోషించాడో బాధపడ్డాడో నాకు తెలియలేదు.

ఆసుపత్రికి వెళ్లే రోజు పొద్దున్న ప్రయోగశాలకి వచ్చి బెల్టు విప్పి ఇచ్చాడు. జేబులోంచి మూత బిగించిన చిన్న స్టీలు గిన్నె తీసి బల్ల మీద పెట్టాడు.

"నిన్న పట్టిన పాకం. ఒకటో జాడీకి పొయ్యి," అన్నాడు. "ఈసారి రెండోదానికీ మూడోదానికే పోసేవంట గదా. దాన్ని మర్చిపోయేవు."

నిజంగానే మర్చిపోయాను. కోత లేని పొట్టతో మాకు పని లేదు. రెండు నెలలు దాటిపోయినా అది అలాగే మూలన, అక్క రాసిన ఇడ్లీలూ పప్పూ తింటూ, పదిన్నరకి మెలికలు తిరుగుతూ ఉంది.

మర్నాడు ఆపరేషన్ అయిపోయిందనీ, బావ కులాసాగా ఉన్నాడనీ అక్క ఫోన్ చేసింది. జాడీలన్నీ ఆపేయమని డాక్టర్ చెప్పింది. నాలుగోది ఎప్పుడో ఆగింది. రెండోదీ మూడోదీ ఆపి, ఒకటోదాని దగ్గరికొచ్చేసరికి గోడ గడియారం పదిన్నర చూపించింది. బెల్టు బల్ల మీద చుట్టచుట్టుకుని పడి ఉంది, దాన్నుంచి ఏ కబురూ రావడం లేదు. అయినా జాడీలో పొట్ట ముడుచుకుంది. ఎవరూ చెప్పకుండా, తనంతట తనే.

గిన్నె మూత తీశాను. నమిలే యంత్రంతో పని లేదు. వేలు పాకంలో ముంచి, జాడీ మూతలోంచి లోపలికి చాపి, చుక్కలు చుక్కలుగా వదిలాను. అది ఇంకోసారి ముడుచుకుని, మెల్లగా వదులై, నిమ్మళించింది. ఆ జాడీ పెట్టిన నాటి నుంచి ఆ వేళకి, అమావాస్యలప్పుడు తప్ప, దాన్ని అలా చూడలేదు. గిన్నె ఖాళీ అయ్యేదాకా అక్కడే నిలబడ్డాను.

జాడీని ఆపే మీట నొక్కే ముందు అక్క కాగితాల కట్ట తీసి, చివరి పేజీలో తేదీ వేశాను. టైము పదిన్నర. "తిన్నది" అన్న గడిలో, ఇన్నాళ్లూ మా ఇంట్లో ఎవరూ రాయని మాట రాశాను: పాకం.